బిడ్డలతోడను, వృద్ధమిత్రులతోడను గడపు కాలము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఈ సభలో మాటలాడుటకు మాకన్న సమర్థులు పెక్కండ్రు గలరు. కార్యదర్శిగారు మమ్ము విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము గనుక ఆ కోరిక సహజమే. అయినను నేడు మేము చెప్పదలచినది పుస్తకవిద్య కాదు. ధనముచే కొనరానిదియు, పోయిన పిమ్మట తిరిగి రానిదియు నగు వస్తువొకటి మన యిండ్లలో ప్రతిదినమును వ్యర్థమగుచున్నది. అది మన బిడ్డలతోడను, మనకన్న పెద్దలైన మిత్రులతోడను గడపవలసిన కాలము.

మొదట మా తప్పు చెప్పుకొందుము. మా పెద్దకుమారుడు ఎనిమిదేండ్లవాడై యుండగా, నేలపట్టునకు గూడబాతులు వచ్చినవట, చూపింపుమని అడిగెను. పులికాటు సరస్సునకు చేరువనున్న ఆ చెరువునకు ఏటేట చలికాలమున ఆ పక్షులు వచ్చి, నీటనున్న చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. నాడది మన నెల్లూరుజిల్లాలోనిది. 2022 నుండి తిరుపతిజిల్లాలో చేరినది. మేము ‘పరీక్షాపత్రములు దిద్దవలసియున్నది, వచ్చే ఏట పోదము’ అంటిమి. మరుసటి యేడు ఇంటికి వచ్చు శిష్యుల చదువులు అడ్డువచ్చెను. ఆపై యేడు సంఘకార్యము. పక్షులు మాత్రము ఏ యేడును మాట తప్పలేదు. పదునాలుగేండ్లు వచ్చిన పిదప వాడడుగుట మానెను. మరచెను గదా యని మేము సంతోషించితిమి!

ఇప్పుడు వాడు ఉద్యోగార్థమై విదేశమున నున్నాడు. రెండేండ్ల క్రిందట మేమే ఫోనులో ‘సంక్రాంతికి రమ్ము, నేలపట్టునకు పోదము’ అంటిమి. వాడు ‘పని తెమలదు నాన్నా, వచ్చే ఏట చూతము’ అనెను. ఆ మాట వాడు మావద్ద నేర్చినదే. మేము చెప్పిన పాఠములలో మరి దేనిని వాడింత చక్కగా అప్పగింపలేదు. కావున బిడ్డలు మమ్ము చూడరాలేదని నిందించు పెద్దలు, ఆ బిడ్డలు పిలిచిన నాడు తాము పోయితిమా యని మొదట తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను.

కఠోపనిషత్తునందలి నచికేతుని కథ మీరెఱుగుదురు. తన్నెవరికిచ్చెదవని ఆ బాలుడు తండ్రిని మాటిమాటికి నడిగెను. తండ్రి విసిగి మృత్యువున కిచ్చితి ననెను. ఆ బాలుడు యముని వాకిట మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. యముడు వచ్చి, అతిథిని కాచుకొనజేసినది తన దోషమని యొప్పుకొని, మూడు వరము లొసగెను. బాలుని వేచియుండజేయుట తప్పని మృత్యువునకైనను తోచినది; ఆరేండ్లు వాకిట నిలిపియుంచిన మాకు తోచలేదు.

ఇక పెద్దలైన మిత్రుల మాట. మాకన్న ఇరువదియేండ్లు పెద్దవారొకరు మా తీరగ్రామమున నుండిరి. మమ్ము ‘అయ్యవారూ’ యని పిలుచుచు, దినమును తమ యరుగుపై కూర్చుండబెట్టుకొనెడివారు. ఆయన బాల్యమున తండ్రితో కూడ బకింగ్‌హాం కాలువలో పడవ నడపినవారు. ఆ కాలువ 1806 లో చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు మొదలై, క్రమముగా మన తీరము వెంట ఉత్తరమునకు సాగి, 1878 లో నాటి చెన్నపురి గవర్నరైన డ్యూకు పేరు పొందినది. మన ఉప్పును, సరుగుడు కట్టెలును ఆ దారినే పట్టణము చేరెడివి. గాలి యనుకూలించిన తెరచాప. లేనిచో గెడ వేయుట, లేదా గట్టుమీద నడచుచు మోకు లాగుట. తరువాత రైలును, లారీయు ఆ సరకును కైకొనగా, తుపానులకు గట్లు దెబ్బతిని, పడవలు సన్నగిల్లినవి. ఇదంతయు మేము ఆయన నోట వినియే యుంటిమి. విన్నదే వినుచున్నామని లోలోన విసిగియు నుంటిమి.

గడచిన వేసవిలో బెంగుళూరునుండి మా మనుమరాలు వచ్చినది. తొమ్మిదేండ్ల పిల్ల. దానిని వెంటబెట్టుకొని అరుగునొద్దకు పోయితిమి. అది ఆయన మోకాలి కానుకొని, ‘తాతా, రాత్రిపూట పడవలో నీకు భయము వేయలేదా?’ యని యడిగెను. ముప్పదియేండ్లలో ఆ ప్రశ్న మాకు తోచలేదు. ఆయన కొంతసేపు ఊరకుండి, తమ పండ్రెండవయేట నొక రాత్రి, తండ్రికి దారిలో జ్వరము తగిలి పడవలో పడియుండగా, లాకు చేరువరకు తామొక్కరే చీకటిలో మోకు లాగిన సంగతి చెప్పిరి. చొక్కా తొలగించి భుజముపై మచ్చ చూపిరి. ఇన్నియేండ్లు ఆ భుజము ప్రక్కనే కూర్చున్న మేము ఆ మచ్చ నెఱుగము.

అంతలో దీపాలవేళ యయ్యెను. మరునాడు పిల్ల ప్రయాణము. మేమే లేచి, ‘మిగిలినది మరల వచ్చినపుడు విందువులే’ యంటిమి. కార్తికమాసమున ఆయన గతించిరి. ఆ వార్త వినిన వెంటనే మా మనుమరాలు ఫోనులో ఏడ్చుచు అడిగిన దొక్కటే: ‘వాళ్ల నాన్నకు జ్వరము తగ్గిందా, తాతా?’ మేము బదులు చెప్పలేకపోతిమి. ఇప్పుడది చెప్పగలవారు ఊరిలో లేరు.

బాంధవులారా! వ్యాసభారత శాంతిపర్వమున శ్రీకృష్ణుడు ధర్మరాజును తొందరపెట్టును. శరతల్పమున నున్న భీష్ముడు అస్తమించినచో ఆయనతోడ జ్ఞానములు క్షీణించును, ఇప్పుడే పోయి యడుగుమనును. రాజ్యభారమంతయు క్రొత్తగా నెత్తిన బడిన ధర్మరాజునకన్న మనకు పనులెక్కువయా? ఆయన తీరిక చేసికొనెను. ఆ పర్వమును 13వ శతాబ్దమున మనుమసిద్ధి యాదరణము పొందిన తిక్కనసోమయాజి తెనుగుచేసెను. ఆ మహాకవి నడయాడిన సింహపురిసీమలో నుండి, పెద్దల నడుగుట మనము మరచుట తగునా?

2007 లో మన పార్లమెంటువారు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై చట్టము చేసిరి. నెలకు పదివేల రూపాయలకు మించకుండ భృతి నిర్ణయించు నధికారము ఆ చట్టమున గలదు. అది మంచిదే, అన్నము లేనివారికి అది యండ. కాని ఒక సాయంకాలమును ఇప్పింపగల చట్టమేదియు లేదు. అది బాల్యమున మనమిచ్చి, వార్ధకమున మరల పొందవలసినదే.

అందులకై ఈ సభవారికి మూడు మనవులు. వారమున కొక సాయంకాలము ప్రతి యింటను బిడ్డలదని నియమింపుడు. ఆ గడియలలో పెద్దల ఫోనులు పెట్టెలో నుండవలెను. వసతిగృహమునందలి ప్రతి విద్యార్థియు, బిడ్డలు దూరమున నున్న యొక వృద్ధునొద్దకు నెలకొకమారు పోయి, ఒక ప్రశ్నయడిగి, వచ్చిన యుత్తరమును వ్రాసికొనవలెను. ఆ వ్రాతలలో మేలైనవానికి మరుసటి యేటి సంచికయందు, పోషకుల ఛాయాచిత్రములకు చోటిచ్చినట్లే, చోటీయవలెను. ఇందులకు చందా అక్కరలేదు. పోషకులు దీనినైనను నిర్భయముగా బలపరుపవచ్చును!

మా మట్టునకు మేము ఈ చలికాలమున మనుమరాలిని నేలపట్టునకు తీసికొనిపోవుటకు టిక్కెట్లు కొంటిమి. మా కుమారునకును వ్రాసితిమి. వాడు వచ్చునో రాడో. వచ్చే ఏట యను మాట మాత్రము ఇకమీదట మా నోట వెడలదు.

మన పిన్నలును పెద్దలును ఒకే యరుగుపై చిరకాలము కూర్చుందురు గాక!

స్వస్తి.