రిఫ్‌లు ఇరవై వచ్చు, పాట ఒక్కటీ రాదు. ఎందుకు?

తిరువూరులో మా ఇంటి మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నాను. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినబడితే ఏమీ అనుకోకండి. ఈ ఎండలకి అది ఆపితే ఎపిసోడ్ అయ్యేలోపు నేను ఉడికిపోతాను.

మొన్న మా వీధిలో ఇంటర్ సెకండియర్ చదివే తమ్ముడొకడు గిటార్ భుజాన వేసుకుని వచ్చాడు. కూర్చున్నాడు, టకటకా ఆరేడు రిఫ్‌లు వాయించేశాడు. బాగానే వాయించాడు. "సరే, ఏదైనా ఒక పాట మొదలు నుంచి చివరిదాకా వాయించు" అన్నాను. కాసేపు గిటార్ వైపు చూసి, "అన్నా, రిఫ్‌లు ఇరవై వచ్చు. పాట ఒక్కటీ రాదు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు ఫ్రెండ్స్. ఎందుకంటే నాదీ అదే కథ.

నేను డిగ్రీ చదివేటప్పుడు, ఆ ఏడాది మామిడి కాపు బాగుంది. తోట డబ్బులు వచ్చిన వారం నాన్న అడక్కుండానే ఆరువేల ఐదొందలు చేతిలో పెట్టాడు. విజయవాడ బస్సెక్కి సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకున్నాను. ఇక్కడ నేర్పేవాళ్లు లేరు, ఫోనే గురువు. ఆరు నెలల్లో బోలెడన్ని రిఫ్‌లు పట్టేశాను. ఊళ్లో పేరు కూడా వచ్చింది, "గిటార్ కుర్రాడు" అని.

తర్వాత మా ఫ్రెండ్ వాళ్ల అన్న పెళ్లి రిసెప్షన్. ఆర్కెస్ట్రా వచ్చింది. మావాళ్లు నన్ను స్టేజి మీదకి తోసేశారు. మొదలు వాయించాను, ఈలలు, చప్పట్లు. పాడే అతను పల్లవి ఎత్తుకున్నాడు. అక్కడ ఆగిపోయాను. తర్వాత ఏం వాయించాలో తెలీదు. కీబోర్డు అతను పక్కకి వంగి "స్కేల్ ఏంటి తమ్ముడూ?" అని అడిగాడు. అదీ తెలీదు. పాట మొత్తం గిటార్ పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. కింద మూడో వరసలో నాన్న ఉన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద ఒక్క మాటే అన్నాడు: "మొదలెట్టడం బాగానే మొదలెట్టావురా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నాలుగు నెలలు గిటార్ మంచం కిందే ఉంది. చాలామంది గిటార్ సరిగ్గా ఈ దశలోనే మంచం కిందకి పోతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

అసలు రిఫ్ అంటే ఏంటి?

పాటలో మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే చిన్న ముక్క. వినగానే "ఓ, ఆ పాటా!" అనిపించేది. డీప్ పర్పుల్ వాళ్ల 'స్మోక్ ఆన్ ద వాటర్' 1972లో వచ్చిన ఆల్బమ్‌లోది. ఈ రోజుకీ ప్రపంచంలో గిటార్ పట్టినవాళ్లలో చాలామంది మొదట నేర్చుకునేది ఆ రిఫ్పే. 2003లో ది వైట్ స్ట్రైప్స్ వాళ్ల 'సెవెన్ నేషన్ ఆర్మీ' వచ్చింది. అందులో మొదట వినపడేది బేస్ గిటార్ అనుకుంటాం. కాదు, మామూలు గిటారే. పెడల్‌తో శ్రుతిని ఒక స్థాయి కిందకి దించి వాయించాడు జాక్ వైట్. ఫుట్‌బాల్ స్టేడియాల్లో పాట పేరు తెలియని జనం కూడా ఆ రిఫ్‌ని గొంతెత్తి పాడతారు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి: వాళ్లు పాడతారు. గిటార్ రానివాళ్లు కూడా పాడగలుగుతున్నారు. గిటార్ వచ్చిన మనం మాత్రం పాడం. నంబర్లు చూసి వేళ్లు పెడతాం.

మన జబ్బంతా అక్కడే ఉంది. ట్యాబ్‌లో ఏముంటుంది? ఆరు గీతలు, వాటి మీద నంబర్లు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్తుంది. ఆ స్వరం ఎంతసేపు నిలవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, తర్వాత పాట ఎటు వెళ్తుందో మామూలు ట్యాబ్ చెప్పదు. వేళ్లకి దారి తెలుసు, చెవికి తెలీదు. అందుకే వీడియో ఆగితే మనమూ ఆగిపోతాం.

పాలకొల్లు కుర్రాడు, గుడివాడ కచేరి

ఇప్పుడు మన దగ్గరి కథ ఒకటి చెప్తాను. మాండొలిన్ శ్రీనివాస్ పేరు విన్నారా? ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు. నాన్నగారు సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్లప్పుడు ఇంట్లో ఉన్న మాండొలిన్ పట్టుకున్నాడు ఆ పిల్లాడు. నాన్నగారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాఠం మొదలుపెట్టారు. కానీ ఒక చిక్కు ఉంది. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు!

మరి ఎలా నేర్పారు? పాడేవారు. అంతే. ఆయన పాడితే, ఆ పిల్లాడు విని మాండొలిన్ మీద దాన్ని వెతుక్కుని వాయించేవాడు. ఏ తీగ, ఏ మెట్టు, ఏ వేలు అని చూపించేవాళ్లు లేరు. 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరి. అప్పటికి తొమ్మిదేళ్లు. గుడివాడంటే ఎక్కడో కాదు. 2022లో జిల్లాలు విడగొట్టక ముందు మన తిరువూరు, ఆ గుడివాడ రెండూ ఒకే కృష్ణా జిల్లా.

ఇంకో సంగతి. మామూలు మాండొలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే శబ్దం వచ్చి ఠక్కున తగ్గిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే స్వరం నిలవాలి. అందుకని ఆయన విడి తీగలు ఐదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాయించారు. అదే వాయిద్యంతో 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్లారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఎలక్ట్రిక్ గిటార్ దిగ్గజంతో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు. 1998లో పద్మశ్రీ. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. మన దేవిశ్రీ ప్రసాద్ ఆయన దగ్గరే మాండొలిన్ నేర్చుకున్నాడు.

మనందరం శ్రీనివాస్‌లం అవుతామని నేను చెప్పట్లేదు. కానీ ఆ పద్ధతి మనకీ పనికొస్తుంది. ముందు గొంతులోకి రావాలి, తర్వాత వేళ్లలోకి. గొంతు బాగుండక్కర్లేదు. బాత్‌రూమ్ గొంతు చాలు.

ఒకే తీగ మీద ఒక రాగం

ఇప్పుడు గిటార్ తీసుకోండి. ముందు ట్యూన్ చేయండి. లావు తీగ నుంచి సన్న తీగకి ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటుంది, ఫ్రీగానే.

లావు తీగ ఒక్కటే చూడండి. ఏమీ నొక్కకుండా మీటితే అది మన 'స' అనుకుందాం. అక్కడి నుంచి 12వ ఫ్రెట్‌కి వెళ్తే పై 'స'. మధ్యలో ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం. మన సంగీతంలో 12 స్వరస్థానాలు, గిటార్ మీదా 12 మెట్లు. 12వ ఫ్రెట్ సరిగ్గా తీగ పొడవులో సగం దగ్గర ఉంటుంది, కావాలంటే టేపు పెట్టి కొలవండి.

ఇప్పుడు ఈ నంబర్లు వాయించండి: 0, 3, 5, 7, 10, 12. స, గ, మ, ప, ని, స.

(ఇక్కడ వాయించి చూపిస్తున్నారు)

రాక్ గిటార్ వాళ్లు దీన్ని మైనర్ పెంటటోనిక్ అంటారు. రాక్‌లో, బ్లూస్‌లో సగం రిఫ్‌లు ఇక్కడే తిరుగుతాయి. ఇవే స్వరాలతో మన దగ్గరున్న రాగం పేరు శుద్ధ ధన్యాసి. వాయించే తీరు వేరు, గమకాలు వేరు, కానీ మెట్లు అవే. అంటే మీ అమ్మమ్మ చెవికి కూడా ఇది కొత్త కాదన్నమాట.

ఈ స్వరాలతో ఇప్పుడే మనం ఒక రిఫ్ కట్టేద్దాం. ఎనిమిది లెక్కలు, ఆదితాళంలాగా. 0, 0, 3, 0, 5, 3, 0, ఎనిమిదో లెక్క ఖాళీ. స స గ స మ గ స, ఆగు. ముందు చేత్తో తొడ మీద తాళం వేస్తూ పాడండి, పదిసార్లు. ఆ ఖాళీని కూడా లెక్కపెట్టండి. చాలామంది రిఫ్ పాడయ్యేది స్వరాల దగ్గర కాదు, ఆ ఖాళీ దగ్గరే. తొందరపడి ముందే ఎత్తుకుంటారు. ఆ తర్వాత వాయించండి.

ఇప్పుడు దాన్ని బరువుగా చేద్దాం. లావు తీగ మీద ఏ ఫ్రెట్ పట్టుకున్నారో, దాని పక్క తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకి ఇంకో వేలు పెట్టండి. ఆ రెండు తీగలే మీటండి. ఇదే పవర్ కార్డ్. లోపల ఉన్నది స, ప. తంబురాలో మోగే జంటే ఇది. డిస్టార్షన్ పెట్టినప్పుడు మూడు నాలుగు స్వరాల కార్డ్ వాయిస్తే శబ్దం బురదబురదగా ఉంటుంది. స, ప రెండే అయితే శుభ్రంగా, దిట్టంగా వస్తుంది. మీటే చేతి అంచుని బ్రిడ్జి దగ్గర తీగల మీద కొంచెం ఆనిస్తే ఆ 'జగ్ జగ్' శబ్దం వస్తుంది. దాన్ని పామ్ మ్యూట్ అంటారు.

పాట మొత్తం ఎలా పట్టాలి?

రిసెప్షన్ తర్వాత నాలుగు నెలలకి గిటార్ బయటికి తీసి, నేను చేసింది ఇదీ.

ఒకటి: ఒక్క పాటే ఎంచుకున్నాను. మూడు నాలుగు కార్డ్‌లకి మించని తేలిక పాట. మూడు రోజులు గిటార్ ముట్టుకోలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, అంతే.

రెండు: ఒక కాగితం మీద పాట మ్యాప్ గీశాను. ఇంట్రో, పల్లవి, మొదటి బిట్, చరణం, మళ్లీ పల్లవి, రెండో బిట్. ఒక్కోటి ఎన్ని ఆవర్తాలు ఉందో వేళ్ల మీద లెక్కపెట్టి రాశాను. ఈ కాగితం నాకు ఏ ట్యాబ్ చేయని మేలు చేసింది. దారి తెలిస్తే, మధ్యలో ఒక స్వరం తప్పినా తర్వాతి మలుపు దగ్గర పాటని అందుకోవచ్చు.

మూడు: యూట్యూబ్‌లో స్పీడ్ 0.75కి, కష్టమైన చోట 0.5కి పెట్టాను. వేగం తగ్గుతుంది కానీ శ్రుతి మారదు. ముందు పాడటం, తర్వాత వాయించడం.

నాలుగు: ముక్కల్ని విడివిడిగా కంటే అతుకుల దగ్గర ఎక్కువ సాధన చేశాను. ఇంట్రో చివరి రెండు లెక్కలు, పల్లవి మొదటి రెండు లెక్కలు. ఆ నాలుగు లెక్కలే యాభైసార్లు. నేను స్టేజి మీద పడిపోయింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే మరి.

ఐదు: రోజూ చివర్లో ఒక్కసారి పాట మొత్తం ఆగకుండా వాయించాలి. తప్పొస్తే రానివ్వండి. వెనక్కి వెళ్లి సరిదిద్దుకోకూడదు. పాడేవాళ్లు మీకోసం ఆగరు.

ఫోన్, ఆంప్, ఎర్త్

ఆంప్ లేకపోయినా ఫోన్‌కి పెట్టుకునే చిన్న ఇంటర్‌ఫేస్‌తో, యాప్‌తో సాధన చేయొచ్చు. పరీక్షల సీజన్‌లో పక్కింటివాళ్లు కూడా సంతోషిస్తారు. కానీ బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దు. మీరు మీటిన కాసేపటికి శబ్దం చెవికి చేరుతుంది. ఆ ఆలస్యంలో తాళం కుదరదు, తప్పు మీదే అనుకుంటారు. వైరు ఉన్నవే వాడండి.

ఇంకోటి, ఇది సీరియస్‌గా వినండి. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే తీగ ముట్టుకోగానే వేళ్లు జివ్వుమంటాయి. "చిన్న షాకే కదా" అని వదిలేయకండి. వెంటనే ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోండి. రెండు పిన్నుల సాకెట్‌లో పట్టట్లేదని మూడో పిన్ను కత్తిరించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. తడి చేతుల్తో, తడి నేల మీద అసలే వద్దు. వినాయక చవితి పందిళ్లలో వాయించేటప్పుడు ముందు ఇదే చూసుకోవాలి. అప్పుడు వానలు కదా.

పందిరి అంటే గుర్తొచ్చింది. ఆ తర్వాతి చవితికి మా వీధి పందిట్లో ఆ ఒక్క పాట వాయించాను. నాలుగు కార్డ్‌లు, మధ్యలో చిన్న రిఫ్. రెండో బిట్‌లో తప్పు పోయింది. మ్యాప్ గుర్తుంది కాబట్టి చరణం దగ్గర అందుకున్నాను. చివరిదాకా వెళ్లాను. ఈలలేమీ రాలేదు. అంత గొప్పగా వాయించలేదు కూడా.

రాత్రి అన్నం తినేటప్పుడు నాన్న పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ "ఇంకోటి నేర్చుకో" అన్నాడు. నాకు అది చాలు ఫ్రెండ్స్.

ఆ ఇంటర్ తమ్ముడికీ ఇదే చెప్పాను. ఇరవై రిఫ్‌లు పక్కన పెట్టించి, ఒక కాగితం, పెన్ను ఇచ్చి పంపాను. వచ్చే ఆదివారం మ్యాప్ గీసుకుని వస్తానన్నాడు. మీరూ ఈ వారం అంతే చేయండి. ఒక్క పాట, ఒక్క కాగితం. గిటార్ మూడు రోజుల తర్వాత తీయండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. వేళ్లు నొప్పెడితే కాసేపు ఆపండి, మానేయకండి. ఉంటాను మరి.