మదర్ థెరిసా సేవను తూచే వేళ
(ఉపన్యాస పాఠం)



మాకు అప్పగించిన విషయం "మదర్ థెరిసా – మనకు ఆదర్శం". ఇటువంటి విషయం మీద మాట్లాడడం చాలా తేలిక. పొగడ్తలు సిద్ధంగానే ఉంటాయి, చప్పట్లు కూడా సిద్ధంగానే ఉంటాయి. కాని ఈ ఉపన్యాసం కోసం మా విచారణలో పదిమందిమి కూర్చుని చదువుకుంటున్న రోజులలో, కాలేజీలో చదివే ఒక అబ్బాయి మమ్మల్ని అడిగాడు: "ఆమె ఆశ్రమంలో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు నొప్పి తగ్గే మందు కూడా సరిగా ఇచ్చేవారు కాదట, నిజమేనా అండీ?" పక్కనున్న పెద్దాయన ఒకరు, "పునీతురాలి మీద ఇవేం మాటలురా?" అని కసిరారు. మేమెవ్వరమూ అడ్డు చెప్పలేదు. మరుసటి ఆదివారం నుంచి ఆ అబ్బాయి మా కూటానికి రావడం మానేశాడు.

కనుక ఈనాడు మేము చెప్పబోయేది ఒక విధంగా ఆ అబ్బాయికి మేము బాకీపడిన జవాబు. దానిని మీ అందరి ఎదుట తీర్చుకోవాలని మా కోరిక.

ముందుగా, తెలిసిన చరిత్రనే ఒకసారి స్మరించుకుందాము. 1910 ఆగస్టు 26న స్కోప్యే పట్టణంలో ఒక అల్బేనియన్ కుటుంబంలో జన్మించిన ఆమె, 1929 జనవరిలో లొరెటో మఠకన్యగా మన దేశానికి వచ్చారు. కలకత్తాలో బాలికలకు పాఠాలు చెప్పుకుంటూ దాదాపు ఇరవై ఏళ్ళు గడిపారు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైలులో, నిరుపేదల మధ్యకు వెళ్ళమనే పిలుపును విన్నారు. 1948లో మఠం గడప దాటి మురికివాడలలో అడుగుపెట్టారు. 1950 అక్టోబరు 7న ఆమె సభకు ఆమోదం లభించింది. 1952లో కాళీఘాట్‌లో, ఆలయం పక్కనే, దిక్కులేనివారు కన్నుమూసే వేళ ఆదరణ పొందే నిర్మల్ హృదయ్ తెరిచారు. 1979లో నోబెల్ శాంతి బహుమతి, 1980లో భారతరత్న వచ్చాయి. 1997 సెప్టెంబరు 5న ఆమె మరణించే నాటికి దాదాపు నాలుగువేల మంది కన్యస్త్రీలు 120కి పైగా దేశాలలో పనిచేస్తున్నారు. 2003లో ధన్యురాలిగా, 2016 సెప్టెంబరు 4న పునీతురాలిగా తిరుసభ ఆమెను ప్రకటించింది.

మన కృష్ణా డెల్టాకు ఆమె పరాయి మనిషి కారు. విజయవాడలో ఆమె కన్యస్త్రీలు నడిపే నిర్మల్ హృదయ్ భవన్ ఉన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు ఆమె ఇక్కడికి వచ్చారు. శవాలు కుళ్ళి, నూతులలో ఉప్పునీరు చేరి, అన్నం పెట్టే ఇల్లే లేని ఊళ్ళలో సేవ చేయడమంటే ఏమిటో ఆ తరంవారిని అడిగితే చెబుతారు.

ఇక ఆమె మీద వచ్చిన అభ్యంతరాలను చూద్దాము. గాలివార్తలను పక్కనబెట్టి, ఆలోచించదగిన వాటినే నాలుగుగా చెబుతాము.

మొదటిది వైద్యం. లండన్‌లోని "లాన్సెట్" వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ ఆశ్రమాన్ని చూసి 1994లో ఒక వ్యాసం రాశారు. అక్కడి శుభ్రతను, పుండ్లు కడిగి కట్టే తీరును, ప్రేమను ఆయన మెచ్చుకున్నారు. కాని నయమయ్యే రోగిని, నయం కాని రోగిని వేరుచేసి చూసే పద్ధతి సరిగా లేదనీ, తీవ్రమైన నొప్పికి తగిన మందు లేదనీ రాశారు. రెండవది ధనం. హైతీ నియంత దువాలియే చేతి నుంచి 1981లో ఆమె గౌరవం స్వీకరించారు. అమెరికాలో పొదుపుదారుల సొమ్ము కేసులో దోషిగా నిలబడిన చార్లెస్ కీటింగ్ పన్నెండున్నర లక్షల డాలర్లు ఇచ్చాడు. 1992లో అతనికి శిక్ష వేయబోయే ముందు దయ చూపమని ఆమె న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. అది దొంగసొమ్ము, సొంతదారులకు తిరిగి ఇవ్వండి అని సహాయ ప్రాసిక్యూటరు రాసిన లేఖకు జవాబు రాలేదని ఆయనే తెలియజేశాడు. మూడవది, ఆమె పేదను ఎత్తుకున్నారు గాని పేదరికానికి కారణమెవరని అడగలేదన్నది. నాలుగవది, మరణశయ్యపై ఉన్న అన్యమతస్థులకు చెప్పకుండా జ్ఞానస్నానం ఇచ్చారని ఒకప్పటి కన్యస్త్రీ ఒకరు చేసిన ఆరోపణ.

వీటిని మేము ఇలా తూచాము.

వైద్యం సంగతిలో కాలాన్ని చూడవలసి ఉన్నది. కాళీఘాట్ ద్వారం తెరచుకొన్నది ఆసుపత్రులకు పోటీగా కాదు. ఆసుపత్రులు చేర్చుకోనివారి కోసం. చివరి దశ రోగుల నొప్పి తగ్గించే సేవ మన దేశంలో మొదలైనదే 1980ల నడుమ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత మార్ఫిన్ సంపాదించడం పెద్ద ఆసుపత్రులకే కష్టమైపోయింది. 2014లో సవరణ వచ్చిన తరువాతనే ఆ ముడి కొంత సడలింది. ఇది న్యాయంగా చెప్పవలసిన మాట. అయినా పూర్తి జవాబు కాదు. 1952లో వనరులు లేవు, సరే. 1990లకు లోకమంతటి నుంచి విరాళాలు వచ్చే సంస్థకు శిక్షణ పొందిన నర్సులను, వైద్యులను తగినంతగా నిలుపుకొనడం అసాధ్యమా? బాధను క్రీస్తు సిలువతో కలిపి అర్పించడం రోగి తనంతట తాను చేయవలసిన పని. అతని తరఫున మనం నిర్ణయించేది కాదు. క్రీస్తు ప్రభువు తన ఎదుటికి వచ్చిన రోగిని, బాధ మంచిదే, భరించుకో అని పంపినట్లు సువిశేషంలో ఎక్కడా కానము, బాగుచేసి పంపాడు. ఈ విషయంలో ఆ అబ్బాయి ప్రశ్నలో సత్యం ఉన్నదని మేము ఒప్పుకుంటున్నాము.

ధనం విషయంలో ఆమెను సమర్థించే మాట ఒకటి వింటాము: ఇచ్చినవాడు ఎవడైతేనేమి, పేదకు చేరింది కదా అని. ఈ మాట మన డెల్టాకు కొత్త కాదు. కూలీలకు కూలి ఎగ్గొట్టినవాడు పండుగనాడు గుడికి గంట చేయించి ఇస్తే, గంట మీద అతని పేరు చెక్కిస్తాము. కూలి ముట్టని ఆమె అదే గంట మోతకు లేచి వచ్చి, పూజలో వెనుక వరుసలో కూర్చుంటుంది. ఈ పని మనం చేస్తున్నాము కనుకనే మదర్ థెరిసా చేసినదానిలో తప్పు మనకు కనబడదు. ఆమె తన కోసం ఒక్క పైసా దాచుకున్నారని ఆమెను విమర్శించిన వారిలో పేరున్నవారెవరూ నిరూపించలేదు. మూడు చీరలతో బతికిన మనిషి ఆమె. కాని తన కోసం తీసుకోకపోవడం ఒకటి, ఎవరిదో సొమ్మును తీసుకోకపోవడం మరొకటి. రెండవదానిలో ఆమె తడబడ్డారని మా అభిప్రాయం.

జ్ఞానస్నానం ఆరోపణ గురించి: చనిపోయినవారి అంత్యక్రియలు వారి వారి మతాచారం ప్రకారమే జరిపించామని ఆ సభవారు చెబుతూ వచ్చారు. ఆరోపణ ఒకరి సాక్ష్యం మీద నిలిచినది. మేము తీర్పరులం కాము. అయితే సూత్రం మాత్రం స్పష్టం: తెలివి ఉన్న మనిషి సమ్మతి లేకుండా ఇచ్చే సంస్కారం సంస్కారమే కాదు. అటువంటిది ఎక్కడ జరిగినా అది సేవకు మచ్చయే.

అన్నిటికంటె బరువైనది మూడవ ప్రశ్న. దీనికి మన నేలే పాఠం చెబుతున్నది.

1832–33లో నందన కరువు వచ్చి గుంటూరు మండలంలో జనం ఊళ్ళకు ఊళ్ళే రాలిపోయారు. అప్పుడు గంజి పోసిన చేతులు పుణ్యమైన చేతులే. కాని ఆ నేలను మళ్ళీ అంతటి కరువు బారి నుంచి తప్పించింది గంజి కాదు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణ మీద కట్టిన ఆనకట్ట. నూరేళ్ళ తరువాత దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బారేజీ మీదుగానే మనలో చాలామంది ఈ సభకు వచ్చారు. ఉప్పెన కథ కూడా ఇంతే. 1977లో పదివేలమందికి పైగా పోయారు. 1990 మే నెలలో అదే తీరానికి మరొక పెద్ద తుపాను వచ్చింది. ఈ మధ్యలో తుపాను ఆశ్రయాలు కట్టారు, హెచ్చరికలు ముందుగా అందాయి, లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. ఆ వేల ప్రాణాలను కాపాడిన ఇంజనీరుకు, గ్రామోద్యోగికి, లారీ డ్రైవరుకు ఎవరూ పటం కట్టలేదు. అదీ దయయే, అది న్యాయం రూపంలో వచ్చిన దయ.

మన మేత్రాసనంలోని పాత గురువులకు ఈ సంగతి తెలుసును. 1924లో గుణదలలో మరియమాత స్వరూపాన్ని నెలకొల్పిన అర్లాటి గురువులు అనాథ బాలుర ఆశ్రమానికి అధిపతి. అన్నం పెట్టిన చోటనే బడి, పనివిద్య కూడా పెట్టారు. ఆ స్వరూపానికి 2024తో నూరేళ్ళు నిండాయి. ఊరి చివర పేటలలో, అంటరానివారని దూరంగా నెట్టబడిన కుటుంబాల నుంచి మనలో ఎందరో వచ్చాము. మన తాతల ఆకలి తీర్చింది మిషను రొట్టె అయితే, మన తండ్రుల తల ఎత్తించింది మిషను బడి. రొట్టె మాత్రమే ఇచ్చి ఊరుకుని ఉంటే మనం ఈనాటికీ చేయి చాచి నిలబడి ఉండేవారము.

అయితే మదర్ థెరిసా చేయని పనిని బట్టి చేసిన పనిని కొట్టివేయవచ్చునా? ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పుకుంటాము. కొన్నేళ్ళ క్రితం బస్టాండులో పడి ఉన్న ఒక ముసలాయనను మాలో నలుగురం ఆటోలో ఎక్కించి, కన్యస్త్రీల ఆశ్రమంలో చేర్చాము. ఆయన ఒంటి నుంచి వచ్చే వాసనకు దారి పొడుగునా ముక్కు మూసుకున్నాము. చేర్చి వచ్చి, మంచి పని చేశామని తృప్తిగా కాఫీ తాగాము. మూడు వారాల తరువాత ఆయన చనిపోయారని తెలిసింది. మాలో ఒక్కరమూ మధ్యలో చూడడానికి వెళ్ళలేదు. ఆయన పేరు కూడా మేము అడగలేదు. ఆయనను పేరు పెట్టి పిలిచి, నోట్లో నీళ్ళు పోసింది ఆ కన్యస్త్రీలే. ఆనకట్ట వేల ఎకరాలకు నీరిస్తుంది గాని, ఆ రాత్రి ఆ ముసలాయన నోటిలో గుక్కెడు నీళ్ళు పోయలేదు. ఆ పనికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని తయారుచేయడమే మదర్ థెరిసా చేసిన పని. దానికి సాటి మాకు తోచడం లేదు.

మరొక సంగతి. 2007లో వెలువడిన ఆమె ఉత్తరాల వలన, దాదాపు యాభై ఏళ్ళు ఆమె మనసులో దేవుని సాన్నిధ్యపు ఆదరణ లేక చీకటిలో నడిచారని లోకానికి తెలిసింది. ఆ ఉత్తరాలను కాల్చివేయమని ఆమె కోరారు. ఏ ఓదార్పూ అందకపోయినా తెల్లవారి లేచి పుండ్లు కడగడానికి వెళ్ళిన మనిషిని, కీర్తి కోసం చేసిందని అనడం మాకు న్యాయంగా తోచలేదు.

2021 డిసెంబరులో ఆ సభకు విదేశీ విరాళాల అనుమతి నిలిపివేసి, మరుసటి నెలలో తిరిగి ఇచ్చారు. అటువంటి వేళ మనవారు భయపడి, ఏ ప్రశ్ననైనా శత్రువు మాటగా చూడడం సహజమే. కాని బయటివారి ఒత్తిడికి జడిసి ఇంటిలోని పిల్లవాడి నోరు మూయవద్దు. పేతురు మూడుసార్లు బొంకిన సంగతిని సువిశేషకులు దాచలేదు. దానివలన పేతురు తగ్గలేదు. క్షమ ఎంత గొప్పదో మనకు తెలిసింది. పునీతుల పట్టీ తప్పులేని వారి పట్టీ కాదు.

మా తూకం ఇది: ప్రేమలో ఆమె మనకంటె ఎంతో ముందున్నారు. వైద్యంలో, ధనం విషయంలో, న్యాయాన్ని అడగడంలో ఆమె విడిచిన పని ఉన్నది. ఆ విడిచిన పని ఇప్పుడు మన వంతు.

అందుకు మా విచారణలో మూడు నిర్ణయాలు చేసుకున్నాము. దానధర్మాల జమాఖర్చులు మూడు నెలలకొకసారి పూజ తరువాత చదివి వినిపించాలి. ఆశ్రమంలో ఎవరినైనా చేర్చితే, వారానికొకసారి వెళ్ళి చూసే బాధ్యత చేర్చినవారిదే; అక్కడికి నర్సింగు చదివిన మన పిల్లలు వంతులవారీగా వెళ్ళాలి. మూడవది ఫోటోల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేము అన్నం పొట్లాలు తీసుకువెళ్ళాము. పొట్లం చేతికి ఇచ్చే ముందు ఫోటో కోసం ఒక తల్లిని నడుములోతు నీటిలో నిలబెట్టాము. ఆమె తల దించుకుంది. ఇకమీదట సేవలో ఫోటోలు ఉండవు. వాగు గట్లు ఎందుకు తెగాయని, నీటి దారిలో ఇళ్ళు ఎలా లేచాయని అధికారులను అడిగే అర్జీ మీద మాత్రం మా సంతకాలు ఉంటాయి.

ఇక ఆ అబ్బాయి. పోయిన వారం మాలో ఇద్దరం వారి ఇంటికి వెళ్ళాము. కసిరిన పెద్దాయన కూడా వచ్చారు. "నువ్వడిగింది తప్పు కాదు నాయనా, మేము జవాబు చెప్పకపోవడమే తప్పు" అని ఆయనే అన్నారు. అబ్బాయి ఏమీ అనలేదు. వాళ్ళమ్మ అందరికీ టీ ఇచ్చింది. ఈ ఆదివారం వస్తాడో రాడో తెలియదు. అతని కుర్చీ మాత్రం వేసి ఉంచుతాము.

దయగల ప్రభువు మనకు మదర్ థెరిసా హృదయాన్ని, దానితోపాటు ప్రశ్నించే ధైర్యాన్ని కూడా అనుగ్రహించును గాక. సెలవు.