బోర్డు మీద ఎవరి పేరు?

వీధి చివర బోర్డు ఇప్పుడు మీరే చదువుకుంటున్నారు. అమెరికాలో ఒక వీధి బోర్డు సంగతి వినండి.

అక్కడ అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అనే ఊరుంది. ఆ ఊళ్లో ఒక వీధికి జెఫ్ డేవిస్ పేరుండేది. ఎవరాయన? నల్లవాళ్లను బానిసలుగానే ఉంచాలని యుద్ధం చేసిన వాళ్ల నాయకుడు. ఆ వీధిలోనే ఒక నల్లజాతి తల్లి ఉండేది. భర్త పోయాడు. చిన్న కొడుకు ఫ్రెడ్ గ్రేకి అప్పుడు రెండేళ్లు. పరాయి ఇళ్లల్లో వంట చేసి ఐదుగురు పిల్లల్ని పెంచింది.

ఫ్రెడ్ గ్రే లాయరయ్యారు. అప్పట్లో అక్కడి బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్లవి. అవి నిండితే వెనకున్న నల్లవాళ్లు లేచి చోటివ్వాలి. డబ్బు మాత్రం ఇద్దరికీ ఒకటే! 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే కుట్టుపని చేసే ఆమె లేవనంది. పోలీసులు పట్టుకుపోయారు. నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కలేదు. చాలామంది పనులకు నడిచే పోయారు. ఆమె తరఫున ఫ్రెడ్ గ్రే వాదించారు. మరో నలుగురు ఆడవాళ్ల పేరు మీద ఇంకో దావా వేశారు. వాళ్లలో ఇద్దరు ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు. ఎంత ధైర్యమో చూడండి! 1956లో సుప్రీంకోర్టు వాళ్లనే గెలిపించింది.

2021లో నగరం ఆ వీధికి ఫ్రెడ్ గ్రే పేరు పెట్టింది. ఆయన కళ్లారా చూసుకున్నారు. కానీ పాత పేర్లు మార్చకూడదని రాష్ట్రంలో 2017 నాటి చట్టం ఉంది. మారిస్తే 25 వేల డాలర్ల జరిమానా. మేం కడతామని బయటి ఊళ్ల వాళ్లూ ముందుకొచ్చారు. నగరం జరిమానా కట్టేసింది. కొత్త బోర్డు మాత్రం దించలేదు.