మనం తినబోని ఫలం

సమస్త కృతజ్ఞతలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్తపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ప్రియ సోదరులారా! మొన్న అసర్ నమాజు తరువాత, గనిలో పనిచేసే సోదరుడొకరు నన్ను అడిగారు: “మౌలానా సాబ్, క్వార్టర్ పెరట్లో యాపిల్ మొక్క నాటుదామని పిల్లలు పట్టుబడుతున్నారు. నాకు రెండేళ్లలో రిటైర్మెంట్. కాపుకు మూడేళ్లు పడుతుందట. ఎవరి కోసం నాటాలి?”

గోదావరిఖని ఎండలో యాపిలా అని మీరు ఆశ్చర్యపడవచ్చు. కాశ్మీరు వంటి శీతల ప్రాంతాల యాపిల్ రకాలకు, శీతాకాలంలో దాదాపు వెయ్యి గంటల చలి తగిలితేనే మొగ్గ సరిగా విచ్చుతుంది. అయితే హిమాచల్ ప్రదేశ్ రైతు హరిమన్ శర్మ, తక్కువ చలితోనే కాసే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకాన్ని రూపొందించారు. మన పొరుగున ఆసిఫాబాద్ జిల్లా ధనోరా గ్రామంలో రైతు కేంద్రే బాలాజీ, హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో యాపిల్ పండించి, 2020 జూన్‌లో ముఖ్యమంత్రికి అందజేశారు.

గింజ నాటితే తల్లిచెట్టు గుణం రాదు; అంటుమొక్కనే తేవాలి. పాదులో నీరు నిలువరాదు, వేసవిలో అది ఎండిపోనూ రాదు. లేతప్రాయంలో వచ్చిన పూతను తుంచివేయాలి. అప్పుడే చెట్టు బలపడుతుంది. ఇది సహనానికి పాఠం కాదా?

ఇక ఆ సోదరుని ప్రశ్నకు వద్దాం. విశ్వాసి నాటిన చెట్టునుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి దానమే అవుతుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలోని మొక్కను నాటమన్నారు. అటువంటి ధర్మంలో రెండేళ్ల గడువు తక్కువా?

ఈ మస్జిద్ ఆవరణలోని వేపచెట్టును ఎవరు నాటారో మనలో ఎవరికీ తెలియదు. అయినా దాని నీడన చెప్పులు విడుస్తున్నాం. ఆ పేరు అల్లాహ్‌కు తెలుసు, అది చాలు.

సోదరులారా! క్వార్టర్ మనకు అమానత్. ఖాళీ చేసేనాడు “నేను పెంచిన చెట్టు ఇంకొకరికెందుకు?” అని గొడ్డలి ఎత్తేవారున్నారు. అలా చేసినవారు తమ దానాన్ని తామే నరుక్కున్నట్లు. ఈ లోకమూ ఒక క్వార్టరే. ఉత్తర్వు వచ్చిననాడు తాళంచెవి అప్పగించి వెళ్లవలసిందే. మన తరువాత వచ్చేవారికి ఖాళీ పెరడు మిగల్చాలా, కాపుకొచ్చిన చెట్టా?

నాటండి. ఫలం ఎవరు తిన్నా పుణ్యం మీ వెంట వస్తుంది. మన చేతుల శ్రమను అల్లాహ్ స్వీకరించుగాక! ఆమీన్.