తాళం మీద నమ్మకం, మనిషి మీద అనుమానం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఇంజనీరుగా నీ అనుభవంలోంచి పది నిమిషాలు ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను తాళంకప్పల గురించి మాట్లాడతాను. ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు మన సైన్సు ల్యాబు తెరిచి ఉంది. మా బ్యాచ్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ తాళం తీసింది నేను.

సైకిల్ చక్రం ఊచ ఒకటి వంచుకుని, ఆదివారం మధ్యాహ్నం గోడ దూకి వచ్చాను. ల్యాబులో పెద్ద అయస్కాంతం ఉండేది, అది కావాలి నాకు. తాళం తీయడం వచ్చింది గానీ మళ్ళీ వేయడం రాలేదు. సోమవారం పొద్దున చూస్తే తాళం పగల్లేదు, గీత కూడా పడలేదు. చెవి ఒక్కటే, అది అటెండరు తాత దగ్గర ఉంది. "చెవి నీ దగ్గర ఉంటే ఇంకెవరు తీస్తారయ్యా?" అన్నారు అందరూ. ఆయన నడుముకు వేలాడే తాళాల గుత్తి తీసేసుకున్నారు. మూడు రోజులు ఆయన గుత్తి లేకుండానే గంట కొట్టారు, మొక్కలకు నీళ్ళు పోశారు. నాలుగో రోజు నేను సైన్సు మాస్టారికి అయస్కాంతం ఇచ్చి నిజం చెప్పాను.

మాస్టారు కొట్టలేదు. ఆ తాళం తెచ్చి నా చేతిలో పెట్టి, ఎలా తీశావో చూపించమన్నారు. తరవాత దాన్ని విప్పించి, లోపలి లివర్ల బొమ్మ గీయించారు. నా ఇంజనీరింగ్ చదువు ఆ కాగితం మీదే మొదలైంది.

మాస్టారు చూపించిన సంగతి ఇది. ఏ తాళంలోనైనా లోపలి ముక్కలన్నీ కచ్చితంగా ఒకే కొలతలో తయారు కావు. వెంట్రుకవాసి తేడాలుంటాయి. అందుకే తాళాన్ని కొద్దిగా తిప్పి పట్టుకుంటే ముక్కలన్నీ ఒకేసారి బిగుసుకోవు, ముందు ఒకటి బిగుస్తుంది. దాన్ని దాని చోటుకు చేరిస్తే ఇంకొకటి బిగుస్తుంది. తాళం తీసేవాడు ఒక్కొక్క ముక్కతో విడివిడిగా బేరమాడుకుంటాడు.

దీని వెనక చిన్న లెక్క ఉంది. తొమ్మిది ముక్కలు, ఒక్కోదానికి ఆరు స్థానాలు అనుకుందాం. సరైన చెవి దొరికేదాకా చెవులు మార్చుకుంటూ పోతే 1,00,77,696 రకాలు ప్రయత్నించాలి. కానీ ఒక్కో ముక్క విడిగా లొంగితే, ఆరు తొమ్ముళ్ళు యాభైనాలుగు. గుణకారం కావలసింది కూడిక అయిపోయింది. తాళం గట్టిదా కాదా అన్నది ఎన్ని రకాల చెవులున్నాయన్న దాని మీద ఆధారపడదు. గుణకారం కూడికగా మారకుండా ఎంతవరకు ఆపగలదన్న దాని మీద ఆధారపడుతుంది.

ఆ పని బాగా చేసే తాళం ఫిన్లాండులో పుట్టింది. 1907లో హెల్సింకీలో ఎమిల్ హెన్రిక్సన్ అనే మెకానిక్ కనిపెట్టాడు. దుకాణాల్లో డబ్బు లెక్కకట్టే క్యాష్ రిజిస్టర్లు బాగుచేయడం ఆయన పని. వాటిలో తిరిగే బిళ్ళలను చూసి, తాళంలోనూ బిళ్ళలు పెట్టాడు. అబ్లాయ్ తాళాలు అక్కడి నుంచి వచ్చినవే.

దాని లోపల నాణేల దొంతరలా బిళ్ళలు పేర్చి ఉంటాయి. ప్రతి బిళ్ళ అంచునా ఒక గంటు ఉంటుంది. ఆ దొంతర పక్కన ఒక సన్నని కడ్డీ ఉంటుంది. చెవి మీద కోతలు వేరువేరు కోణాల్లో ఉంటాయి కనుక, చెవి తిప్పితే ఒక్కో బిళ్ళ ఒక్కోలా తిరుగుతుంది. సరైన చెవి అయితే గంట్లన్నీ ఒకే వరసలోకి వస్తాయి. కడ్డీ ఆ వరసలో కూర్చుంటుంది, తాళం తిరుగుతుంది. ఒక్క బిళ్ళ తేడాగా ఉన్నా కడ్డీ కూర్చోదు.

ఈ బిళ్ళలను నెట్టడానికి స్ప్రింగులు ఉండవు. ఫిన్లాండు చలికి గడ్డకట్టి ఇరుక్కోవడానికి, మన దుమ్ముకు తుప్పుపట్టి విరగడానికి అక్కడ స్ప్రింగులే లేవు. ఊరికి దూరంగా ఎండకు, వానకు ఉండే గేట్లకు ఈ రకం బాగా నప్పడానికి అది ఒక కారణం.

మరి దీన్ని తీయలేరా? బిళ్ళలు కూడా ముక్కలే కదా. కడ్డీని నొక్కి పట్టుకుని, బిగిసిన బిళ్ళను వెతుక్కుంటూ పోయే పనిముట్లు దీనికీ వచ్చాయి. అందుకని తయారుచేసేవాళ్ళు బిళ్ళ అంచున అసలు గంటుతో పాటు లోతు తక్కువైన దొంగ గంట్లు పెట్టారు. కడ్డీ వాటిలో కొంచెం దిగుతుంది, తీసేవాడు "ఇదే చోటు" అనుకుంటాడు. అక్కడితో అతని లెక్క తప్పుతుంది. 2001లో వచ్చిన ప్రొటెక్ రకం ఇంకో మెట్టు ఎక్కింది. కడ్డీ మీద ఒత్తిడి పడే వేళకు బిళ్ళలు కదలకుండా బిగిసిపోయే ఏర్పాటు చేశారు. అంటే బిళ్ళ తిరిగేటప్పుడు ఒత్తిడి ఉండదు, ఒత్తిడి ఉన్నప్పుడు బిళ్ళ తిరగదు. చేతికి కబురు అందే దారే మూసేశారు.

అయినా "ఎవరూ తీయలేని తాళం" అన్న మాట నేను అనను. లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన కంపెనీ తన తాళాన్ని పికడిలీ దుకాణం కిటికీలో పెట్టి, తీసినవాళ్ళకు 200 గినీలు ఇస్తామని సవాలు చేసింది. అరవై ఏళ్ళ పాటు ఎవరూ తీయలేదు. 1851లో మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్ఫ్రెడ్ హాబ్స్ తీశాడు. పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. తాళం గట్టిది అంటే తెరుచుకోదని కాదు, ఎంతసేపు నిలబడుతుందో చెప్పగలం అని అర్థం. ఇలాంటివి బయటపెడితే దొంగలకు పాఠం చెప్పినట్టు కాదా అని అప్పుడూ అడిగారు. దొంగకు ఆ పాఠం ముందే వచ్చు. తెలియనిది తాళం కొనుక్కున్నవాడికే.

నేను పనిచేసిన ఒక చోట ఊరవతల పరికరాల గదికి ఇలాంటి తాళమే దగ్గరుండి కొనిపించాను. నెల తిరక్కుండానే సామాను పోయింది. వెళ్ళి చూస్తే తాళం భేషుగ్గా ఉంది. వేసింది వేసినట్టే, పాత రేకు గొళ్ళేనికి వేలాడుతోంది. గొళ్ళెం మాత్రం తలుపు నుంచి ఊడి వచ్చింది. నాలుగు మరమేకుల సంగతి నేను చూసుకోలేదు. దొంగ తాళంతో పోటీ పడడు, బలహీనమైన చోటుతో పడతాడు.

ఇప్పుడు మళ్ళీ మన ల్యాబుకు వస్తాను. ఆ రోజు మాస్టారు హెడ్మాస్టరు గారితో మాట్లాడి గుత్తి తాతకు తిరిగి ఇప్పించారు. కానీ నా పేరు బయటికి రాకూడదని, ఎందుకు తిరిగి ఇచ్చారో ఎవరికీ చెప్పలేదు. నన్ను కాపాడడానికే అలా చేశారు. దాంతో బడిలో చాలామంది దృష్టిలో ఆ మచ్చ తాత మీదే ఉండిపోయింది. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు. ఆయన మనవలు ఈ సభలో ఉన్నారని తెలిసి ఇవాళ చెబుతున్నాను. అమ్మా, నాయనా, మీ తాతగారు తప్పు చేయలేదు. తప్పు నాది. నన్ను క్షమించండి.

వృత్తిలో నాకు అర్థమైంది కూడా అదే. ఊచతో తెరుచుకునే తాళాన్ని గట్టిదనుకుంటే, సామాను పోవడం ఒక్కటే కాదు నష్టం. చెవి పట్టుకున్న మనిషి మీద అనుమానం పడుతుంది. మంచి తాళం కాపాడేది యజమాని సొమ్మునే కాదు, కాపలావాడి పరువును కూడా.

మన సంఘం బడికి కంప్యూటర్ ల్యాబు కట్టించి ఇస్తోంది. దానికి బిళ్ళల తాళం నా ఖర్చుతో తెస్తాను. నాలుగు విన్నపాలు. గొళ్ళెం తలుపుకు ఆరపార బోల్టులతో బిగించండి. చెవులు ఎన్నున్నాయో, ఎప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో పుస్తకంలో రాయించండి. ఏదైనా పోతే ముందు తాళాన్ని, తలుపును చూడండి, తరవాతే మనిషిని. ఆదివారం నాడు ల్యాబు కావాలని ఎవరైనా పిల్లవాడు అడిగితే దయచేసి తెరిపించండి. అయస్కాంతం అడిగి తీసుకోవచ్చని తెలిసి ఉంటే నేను గోడ దూకేవాణ్ణి కాదు.