వీపున సంచి, నీటిలో ఊపిరి



ఈవేళ నేను చెప్పబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఓ సంచి వీపుకి తగిలించుకుని, సముద్రపుటొడ్డున ఉన్న జాలరిపల్లెకి వెళ్ళి, నాలుగు రోజులు అక్కడే ఉండి, నీళ్ళ అడుగున ఊపిరి పీలుస్తూ తిరగడం నేర్చుకోవడం. ఇదీ సంగతి. "తెల్లారి లేస్తే పాలు, కాఫీలు, క్యారేజీలు, పిల్లల బస్సు... మాకెందుకమ్మా ఈ గొడవ?" అంటారేమో. పొయ్యి కాస్త తగ్గించి, ఓ పది నిమిషాలు వినండి. ఇది వేడుక కోసం చెబుతున్న కబురు కాదు.

మాది పల్నాడు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల వాళ్ళం సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక పోవాలి. నీళ్ళకు కటకటపడిన సీమ మాది. ఇక్కడి జొన్నకూటినీ, నీటి కరువునూ వెక్కిరిస్తూ శ్రీనాథుడు చాటువులు చెప్పాడని పెద్దలంటారు. ఆ కరువు తీర్చడానికే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్ళు వదిలారు. కుడికాలువ మా చేల పక్కకీ, ఊళ్ళ పక్కకీ వచ్చింది. నీళ్ళయితే వచ్చాయి గానీ, మా ఆడపిల్లలకి ఈత మాత్రం రాలేదు.

మగపిల్లలు సొరబుర్ర కట్టుకుని ఏ బావిలోనో నేర్చుకునేవాళ్ళు. ఆడపిల్లని మాత్రం "గట్టు మీద కూర్చో, జారిపడతావు" అని కూర్చోబెట్టాం. జారిపడితే ఏం చెయ్యాలో చెప్పలేదు. సిమెంటు గోడల కాలువలో పడిన మనిషికి పట్టు దొరకదు. ప్రవాహం ఈడ్చుకుపోతుంది. 2021 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తంమీద దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో పసిపిల్లలు చాలామంది. బిడ్డ నీళ్ళలో పడితే గట్టు మీదున్న తల్లికి ఈత రాకపోతే ఏం చేస్తుంది చెప్పండి? కేక వేస్తుంది. లేదా తనూ దూకుతుంది. రెండూ ప్రమాదమే.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంకి వెళ్ళినప్పుడు మన ఆడవాళ్ళని గమనించండి. లాంచీ కాస్త ఊగితే చాలు, పక్కావిడ చెయ్యి పట్టేసుకుంటాం. ఆ నీటి అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను పైకి తరలించాక ఆ లోయ మునిగింది. అంత కథ కాళ్ళ కిందే ఉన్నా, భయంతో మనం నీటివైపు సరిగా చూడనైనా చూడం.

ఇక అసలు విషయానికి వద్దాం. దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. దాని ఉత్తరపు తీరంలో, కరిబియన్ సముద్రం ఒడ్డున, సాంతా మార్తా పట్టణానికి కొండ అవతల తగంగా అనే జాలరిపల్లె ఉంది. హోండురాస్ దేశానికి చెందిన ఉతిలా అనే చిన్న దీవి కూడా అలాంటిదే. దేశదేశాల నుంచి ఆడా మగా పడుచువాళ్ళు ఒక్క సంచితో అక్కడికి వస్తారు. చవక గదుల్లో దిగి, జాలర్లు తెచ్చిన చేపలు తింటూ మూడు నాలుగు రోజుల్లో స్కూబా నేర్చుకుంటారు. స్కూబా అంటే గాలి సిలిండరు వీపున కట్టుకుని నీటిలో మునిగి తిరగడం.

ఆ కరిబియన్ సముద్రంలోనే 1970లో ఓ విశేషం జరిగింది. అమెరికాకి చెందిన వర్జిన్ దీవుల దగ్గర, నీటి అడుగున కట్టిన చిన్న ఇంట్లో ఐదుగురు ఆడవాళ్ళు రెండు వారాలపాటు కాపురం ఉండి పరిశోధనలు చేశారు. వాళ్ళ నాయకురాలు సిల్వియా ఎర్ల్, ముగ్గురు పిల్లల తల్లి.

"అంత దూరం మేమెక్కడ పోతాం?" అనకండి. మన విశాఖపట్నంలో ఋషికొండ ఉంది. భీమిలి రోడ్డున మంగమారిపేట లాంటి జాలరిపల్లెల మధ్య ఉన్న తీరం. కొన్నేళ్ళుగా అక్కడ శిక్షకులు కొత్తవాళ్ళని పడవలో తీసుకెళ్ళి నీటిలో దింపుతున్నారు. ఇంకా తేటనీళ్ళు కావాలంటే అండమాన్ ఉంది. 2018 దాకా హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్ స్కూబాకి పేరుపడ్డది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన మన తెలుగు జాలరులు అండమాన్‌లో ఎందరో ఉన్నారు. భాషకి బెంగ లేదు.

మరి నీళ్ళలో ఊపిరెలా ఆడుతుంది? మన వంటింటి సంగతే అనుకోండి. గ్యాసు సిలిండరుకి రెగ్యులేటరు ఉంటుంది కదా, ఇక్కడా అంతే. అందరూ ఆక్సిజన్ సిలిండరు అంటారు గానీ, మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. దాన్ని గట్టిగా అదిమి నింపుతారు. మనం పీల్చినప్పుడు మాత్రమే, మన చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలిని రెగ్యులేటరు వదులుతుంది. ఫ్రాన్సులో 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. యుద్ధకాలంలో పెట్రోలు కొరత వచ్చినప్పుడు కార్లని గ్యాసుతో నడపడానికి గాన్యాన్ చేసిన పరికరమే దీనికి ఆధారమైంది.

ఇందులో గుర్తుంచుకోవలసిన సూత్రాలు మూడే. మొదటిది ఒత్తిడి. ప్రతి 10 మీటర్ల లోతుకి, నేల మీద మనపై ఉండే గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయే, నీళ్ళలోనూ అలాగే చెవుల్లో నొక్కినట్టుంటుంది. ముక్కు మూసి మెల్లగా లోపలినుంచి ఊదితే సర్దుకుంటుంది. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, దిగుతూ దిగుతూ అడుగడుక్కీ ఇది చెయ్యాలి. సర్దుకోకపోతే కాస్త పైకి రావాలి.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. నోరు కట్టిన బెలూను ఉబ్బినట్టే, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పీలుస్తూ, వదులుతూనే ఉండాలి.

మూడోది, పైకి మెల్లగా రావడం. గోలీసోడా కొట్టగానే బుడగలెలా పొంగుతాయి! ఎక్కువ లోతులో ఎక్కువసేపు ఉండి ఒక్కసారిగా పైకి వస్తే ఒంట్లో కలిసిన నత్రజని అలాగే బుడగలు కడుతుంది. అందుకే ఆగి ఆగి వస్తారు. అదే రోజు విమానం ఎక్కనివ్వరు. కనీసం 12 నుంచి 18 గంటలు ఆగమంటారు.

మొదటిసారి దిగేటప్పుడు ఏమవుతుందంటే, ముందు నడుములోతు నీళ్ళలో నిలబెట్టి అభ్యాసం చేయిస్తారు. కళ్ళద్దాల్లోకి నీళ్ళు వస్తే ముక్కుతో ఊది పంపడం, నోట్లోని గొట్టం జారితే మళ్ళీ పెట్టుకోవడం నేర్పుతారు. నీళ్ళలో మాట వినబడదు కనుక సైగలు చెబుతారు. ఇక్కడో తమాషా ఉంది. బొటనవేలు పైకి చూపిస్తే అక్కడ "భేష్" అని అర్థం కాదు, "పైకి పోదాం" అని. భేష్ అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలి. అది తెలియక సంబరంగా బొటనవేలు చూపించారా, శిక్షకుడు మిమ్మల్ని పైకి తీసుకొచ్చేస్తాడు.

ఆ తరువాత మునుగుతారు. మొదటి రెండు నిమిషాలూ గుండె దడదడమంటుంది. అది సహజం. మీ ఊపిరి చప్పుడు మీకే పెద్దగా వినిపిస్తుంది. లెక్కపెట్టుకుంటూ నిదానంగా వదలండి. దడ తగ్గుతుంది. చేపలు అసలు కంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. లోతుకి పోయేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపు రంగు. మీ నుదుటి కుంకుమ అక్కడ నల్లబారి కనిపిస్తుంది. ఒంటి బరువు తెలియదు. మోకాళ్ళ నొప్పులున్నా కాసేపు గుర్తు రావు. ఋషికొండలో నీరు అన్ని రోజులూ తేటగా ఉండదు. అలలనీ, వాతావరణాన్నీ బట్టి మారుతుంది. తుఫాను రోజుల్లో అసలు తలపెట్టకండి.

అందరూ దిగవచ్చా? లేదు. గర్భిణులు దిగకూడదు. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళూ, చెవి ఆపరేషను అయినవాళ్ళూ డాక్టరు సరేనంటేనే దిగాలి. జలుబు చేసిన రోజున మానుకోండి. నెలసరి మాటంటారా, వైద్యపరంగా అభ్యంతరమేమీ లేదు. ఒంట్లో బాగుంటే దిగవచ్చు. మీ ఆరోగ్యం గురించి కాగితం మీద ప్రశ్నలు అడగకుండా, రెండు నిమిషాలు చెప్పి దింపేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. శిక్షకుడి సర్టిఫికెట్టు చూపించమని అడగండి. ఒక శిక్షకుడు ఎందరిని తీసుకెళ్తాడో అడగండి. కొత్తవాళ్ళకి ఒక్కరికి ఒక్కరు ఉంటే మేలు. కూరగాయల దగ్గర అంత బేరమాడే మనం ప్రాణం దగ్గర మొహమాటపడకూడదు.

ఒక్కసారి శిక్షకుడి చెయ్యి పట్టుకుని దిగి చూడటానికి ఈత రానక్కరలేదు. సర్టిఫికెట్టు వచ్చే పూర్తి శిక్షణకైతే 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీటి మీద తేలాలి. అందులో నెగ్గితే 18 మీటర్ల లోతు దాకా వెళ్ళే అర్హత వస్తుంది. ఖర్చులో కూడా తేడా ఉంది. ఒక్కసారి దిగడానికి కొన్ని వేలవుతుంది. పూర్తి శిక్షణ దానికి కొన్ని రెట్లు.

బట్టల సంగతి చాలామంది అడగలేక ఊరుకుంటారు. స్కూబాకి తొడిగే రబ్బరు సూటు మెడ నుంచి మడమల దాకా కప్పేది ఉంటుంది. చీరకంటే ఎక్కువే కప్పుతుంది. గాజులు, వేలాడే దిద్దులు తీసేయాలి. సూత్రాలు సూటు లోపల ఉంటాయి, తీయనక్కరలేదు. జడ బిగించి అల్లి లోపలికి దోపుకోండి.

ఇక సంచి గురించి. మన ఆడవాళ్ళ ప్రయాణమంటే ఎలా ఉంటుంది? తిరుపతి అయినా, పెళ్ళి అయినా, ఆవకాయ సీసా, పులిహోర డబ్బా, పిల్లల బట్టలు, ఆయన మందులు, అత్తగారి దుప్పటి... అందరి సామానూ మనదే. మన సామాను మాత్రం అడుగున ఎక్కడో రెండు చీరలు. ఈ ఒక్క ప్రయాణానికి మీ సంచిలో మీ సామాను మాత్రమే ఉండాలి. రెండు జతల చుడీదార్లు, తువ్వాలు, తడి బట్టలకి ప్లాస్టిక్ సంచి, మీ మందులు, ఆధార్ కార్డు, కొంచెం రొక్కం. ఏడెనిమిది కిలోలు మించనివ్వకండి. మెట్లెక్కి దిగుతూ ఎవరి సాయమూ లేకుండా మోయగలిగినంతే మీది.

గుంటూరు నుంచి సింహాద్రి ఎక్స్‌ప్రెస్ నేరుగా విశాఖ పోతుంది. విజయవాడ నుంచి పగటిపూట రత్నాచల్ ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. ఒంటరిగా జంకుగా ఉంటే అక్కాచెల్లెళ్ళో, తోటికోడళ్ళో, పక్కింటి వదినో, ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళండి. దిగే చోటు, తిరిగొచ్చే రోజు ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి.

"ఈ వయసులోనా?" అని ఇంట్లోవాళ్ళు అంటే ఇద్దరి మాట చెప్పండి. కొరియాలో జెజు దీవి ఉంది. అక్కడ హెన్యో అనే స్త్రీలు సిలిండరు కూడా లేకుండా, ఊపిరి పట్టి దాదాపు 10 మీటర్లు మునిగి నత్తలూ, నాచూ ఏరుకొస్తారు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. 2016లో వాళ్ళ విద్యని యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. ఇక మన తెలుగావిడ గోలి శ్యామల. నీళ్ళంటే ఉన్న భయం పోగొట్టుకోవడానికి నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక వైపు నుంచి రామేశ్వరం తీరానికి పాక్ జలసంధి, దాదాపు 30 కిలోమీటర్లు, ఈదుకుంటూ వచ్చేశారు.

అందరం పాక్ జలసంధి ఈదలేం. అందరం సముద్రం అడుగు చూడలేకపోవచ్చు. కానీ మొదటి మెట్టు అందరికీ అందుతుంది, అది ఈత. గుంటూరు, విజయవాడల్లో ఈత కొలనులున్నాయి. ఆడవాళ్ళకి విడిగా సమయం, ఆడ శిక్షకురాలు ఉన్నారేమో కనుక్కోండి. లేకపోతే పదిమంది కలిసి వెళ్ళి అడగండి. ఒక్కరు అడిగితే "చూద్దాం" అంటారు. పదిమంది ఫీజు పట్టుకుని నిలబడితే ఏర్పాటు చేస్తారు. అంతేగానీ సాగర్ జలాశయంలోనూ, కాలువల్లోనూ, మొసళ్ళున్న ఎత్తిపోతల దగ్గరా ఈత నేర్చుకుందామని మాత్రం దిగకండి.

మీకు ఈత వస్తే మీ అమ్మాయికి వస్తుంది. రేపు ఆ పిల్ల కాలువగట్టున నడుస్తుంటే మీ గుండె కాస్త నిమ్మళంగా ఉంటుంది. ఆ నిమ్మళం కోసమైనా ఈ వేసవి సెలవుల్లో ఒక్క నెల నీళ్ళకి కేటాయించండి. సంచి కొనడం, విశాఖ రైలెక్కడం ఆ తరువాత చూసుకోవచ్చు.