ఓరుగల్లును తిరిగి గెలిచిన వాళ్లు



ఖిలా వరంగల్‌లో నాలుగు రాతి తోరణాలు మీరు చూసే ఉంటారు. అవి కాకతీయుల నాటివి. రుద్రమదేవి పేరు మనకు తెలుసు. మరి కాకతీయుల తర్వాత ఓరుగల్లు ఏమైంది? ఆ ముచ్చట చెప్పుకుందాం.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోయారు. దారిలోనే, నర్మదా నది ఒడ్డున ఆయన చనిపోయాడు. ఓరుగల్లు పేరును సుల్తాన్‌పూర్ అని మార్చారు.

పేరు మారితే మారింది. తిండి గింజల సంగతేంది? రైతు పండించిన పంట రైతుకు దక్కలేదని విలస రాగిరేకుల మీద రాసి ఉంది. రాగిరేకు అంటే ఆ కాలపు దస్తావేజు. దాన్ని రాయించినవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు. ఆయన గోదావరి పక్కన రేకపల్లిలో ఉండి ఢిల్లీ వాళ్ల మీద తిరగబడ్డాడు. తన పాలనలో రైతులు ఇష్టంగా ఆరో వంతు పన్ను కట్టారని కూడా రాయించుకున్నాడు. తన గొప్ప తానే రాయించుకున్న మాట, కొంచెం తగ్గించి నమ్ముదాం.

ప్రోలయ తర్వాత ఆయన పినతండ్రి కొడుకు కాపయ నాయకుడు ముందుకొచ్చాడు. ఆయన వెంట 75 మంది నాయకులు ఉన్నారట. ఈ లెక్క మనకెట్లా తెలిసింది? ఒక ఆడమనిషి రాయించింది! రాజమహేంద్రవరం రాణి అనితల్లి 1423లో ఇచ్చిన కలువచేరు రాగిరేకుల్లో ఆ మాట ఉంది. అప్పటికి కాపయ చనిపోయి యాభై ఏళ్లు దాటింది. అయినా ఆమె ఆ ముచ్చట మరువలేదు.

1336 ప్రాంతంలో కాపయ ఓరుగల్లును గెలిచాడు. కోటను ఏలుతున్న మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడు. ఈ మక్బూల్ ఎవరనుకున్నారు? మన తెలుగువాడే! మతం మారి సుల్తాను కొలువులో చేరాడు, తర్వాత ఢిల్లీలో పెద్ద మంత్రి అయ్యాడు. అందుకే దీన్ని హిందువుల, ముస్లిముల కొట్లాట అని ఒక్క మాటలో తేల్చలేం. 1347లో హసన్ గంగూ అనే ముస్లిం సర్దారు ఢిల్లీ మీద తిరగబడితే కాపయ సైన్యాన్ని పంపి సాయం చేశాడు.

హసన్ గెలిచి బహమనీ రాజ్యం పెట్టాడు. సాయం చేసినవాడి మీదికే దండెత్తాడు. కౌలాస్ కోట పోయింది. హసన్ కొడుకు కాలంలో గోల్కొండ కూడా పోయింది. నీలి రాళ్లు పొదిగిన సింహాసనం కూడా కాపయ ఇచ్చుకోవలసి వచ్చింది.

అయితే కాపయ ప్రాణం తీసింది బహమనీలు కాదు, ఢిల్లీ వాళ్లూ కాదు. రాచకొండ నుంచి ఏలిన రేచర్ల నాయకులు. వాళ్లూ తెలుగువాళ్లే. 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర జరిగిన యుద్ధంలో ఆయన చనిపోయాడు. ఓరుగల్లు రేచర్ల వారి చేతికి పోయింది.